రెండు పేపర్లు, ఒక పెన్సిలు: వార్తలో మొగ్గు పట్టుకోవడం ఎలా

విశాఖ కంచరపాలెంలో మా వీధి చివర ఒక కల్వర్టు కట్టారు. మర్నాడు రెండు పేపర్ల జిల్లా పేజీల్లోనూ దాని గురించే వచ్చింది. ఒకదాంట్లో శీర్షిక ‘కల్వర్టుకు మోక్షం’. ఇంకోదాంట్లో ‘కల్వర్టు పేరిట నిధుల మేత’. ఆ సాయంత్రం మా అరుగు మీద ఇద్దరు పెద్దవాళ్లు దాని మీద గంటసేపు తగువు పడ్డారు. “మన పేపర్లో అలా లేదండీ మేస్టారూ” అని ఒకరు. “ఆ పేపరోడు ఇంకేటి రాస్తాడు లెండి” అని రెండోవారు. కల్వర్టు అక్కడికి యాభై అడుగుల దూరం కూడా లేదు. ఇద్దరిలో ఒక్కరూ లేచి వెళ్లి చూడలేదు. గట్టి వాన పడితే నీళ్లు వచ్చేది వాళ్లిద్దరి గుమ్మాల్లోకే. కలిసి వెళ్లి కార్పొరేటర్ని నిలదీయాల్సిందీ వాళ్లిద్దరే.

ఆ ‘మన పేపర్’ అన్న మాట నన్ను చాలాకాలం వదల్లేదు. పేపరు మనది అయిపోయాక అది సాక్ష్యం చెప్పడం మానేసి మన తరఫు వకీలు అయిపోతుంది. వకీలు చెప్పింది విని తీర్పు ఇచ్చేస్తున్నాం, ఓటు కూడా వేసేస్తున్నాం. అందుకే నేను కొన్నేళ్లుగా చేస్తున్న పనిని మీకు వరసగా చెబుతాను. వారానికి ఒక పూట చాలు.

ఒకే రోజువి, కనీసం రెండు

రోజూ రెండు పేపర్లు కొనడం అందరికీ కుదరదు. ద్వారకానగర్‌లో విశాఖ పౌర గ్రంథాలయం ఉంది, అక్కడికి వెళ్లండి. కుదరకపోతే ఫోన్లో ఈ-పేపర్ తెరవండి. ఒకదానికొకటి పడని రెండు పేపర్లు, వీలైతే మూడోదిగా ఒక వామపక్ష పత్రిక తీసుకోండి. రెండింట్లోనూ వచ్చిన ఒకే ఒక్క సంఘటన ఎంచుకోండి. సంపాదకీయం వద్దు, అది అభిప్రాయమని పైనే రాసి ఉంటుంది. మనకు కావలసింది వార్త అని చెప్పుకుంటూ వచ్చినదే.

చదివే ముందు పేపరు అడుగున చీమల బారులాంటి అక్షరాలు చూడండి. ప్రచురణకర్త, ముద్రించేవారు, ఎడిటర్ పేర్లు అక్కడ ఉంటాయి, చట్టం ప్రకారం వేసి తీరాలి. యజమాని ఎవరో తెలియకుండా వార్త చదవడమంటే, చూపించేది బ్రోకరని తెలియకుండా ఇల్లు చూసుకోవడమే.

మన ఊరికి ఇందులో సొంత చరిత్ర ఉంది. ‘ఈనాడు’ పుట్టింది హైదరాబాద్‌లో కాదు, 1974 ఆగస్టు 10న ఇక్కడ, సీతమ్మధారలో. రామోజీరావు స్థాపించారు. ‘ఆంధ్రజ్యోతి’ 1960లో విజయవాడలో మొదలై, ఆగిపోయి, 2002లో వేమూరి రాధాకృష్ణ చేతుల్లో మళ్లీ వచ్చింది. ‘సాక్షి’ 2008లో వచ్చింది, దాన్ని స్థాపించిన వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు. ‘ప్రజాశక్తి’ సీపీఎంకు, ‘విశాలాంధ్ర’ సీపీఐకి చెందినవి. రెండు పెద్ద పార్టీలూ అవతలివాళ్ల పేపర్లకు ‘ఎల్లో మీడియా’, ‘నీలి మీడియా’ అని రంగులు పులిమాయి, మనమూ అదే రంగుల్లో మాట్లాడుకుంటున్నాం.

అయితే యజమాని తెలిసింది కదా అని పేపరు పక్కన పడేయకండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. అధికారంలో ఉన్నవాళ్ల తప్పును అందరికంటే ముందు కనిపెట్టేది వాళ్లంటే గిట్టని పేపరే. వెతికే ఓపిక వాళ్లకే ఉంటుంది. కాబట్టి ఫలానా పేపరు కాబట్టి అబద్ధం అనే మాటను మీ నోటి నుంచి తీసేయండి. పగవాడి సాక్ష్యం కూడా సాక్ష్యమే. కాకపోతే గట్టిగా ప్రశ్నించి తీసుకోవాలి.

పెన్సిలు తీసి క్రియల కింద గీతలు గీయండి

అసలు పని ఇదే. తెలుగు వార్తలో మొగ్గు ఎక్కువగా దాక్కునేది వాక్యం చివర. మంత్రో, ప్రతిపక్ష నాయకుడో ఏదో అన్నారు. ఆ ‘అన్నారు’ స్థానంలో పేపరు ఏం వాడిందో చూడండి.

తమ మనిషైతే ‘స్పష్టం చేశారు’, ‘భరోసా ఇచ్చారు’, ‘తేల్చిచెప్పారు’, ‘ధ్వజమెత్తారు’. ఎదుటి మనిషైతే ‘బుకాయించారు’, ‘చెప్పుకొచ్చారు’, ‘అక్కసు వెళ్లగక్కారు’, ‘నోరు పారేసుకున్నారు’. ఆ మనిషి నోటి నుంచి వచ్చిన మాటలు రెండు పేపర్లలోనూ ఒకటే కావచ్చు. ‘స్పష్టం చేశారు’ అంటే చెప్పింది నిజమని పేపరు సంతకం పెట్టినట్టు. ‘బుకాయించారు’ అంటే అబద్ధమని తీర్పు ఇచ్చినట్టు. తీర్పు ఇవ్వడం తప్పనను, దానికి ఆధారం ఆ వార్తలోనే ఉండాలి. ‘బుకాయించారు’ అని రాసినవాళ్లు కింద ఒక కాగితమో, తేదీయో, లెక్కో చూపించారా? చూపిస్తే ఒప్పుకోండి. చూపించకపోతే ఆ క్రియ కొట్టేసి, పైన ‘అన్నారు’ అని రాసి, వార్త మళ్లీ మొదటినుంచి చదవండి.

నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు అర పేజీ వార్తలో పదకొండు క్రియలు మార్చాను. మార్చాక అందులో మిగిలిన సంగతి నాలుగు వాక్యాలు. అది నేను పాతికేళ్లుగా చదువుతున్న పేపరు. ఆ రోజు నాకు నిజంగా కష్టమనిపించింది.

క్రియల తర్వాత తోకలు చూడండి. ‘అని సమాచారం’, ‘అని తెలుస్తోంది’, ‘ప్రచారం జరుగుతోంది’, ‘గుసగుసలు వినిపిస్తున్నాయి’, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’. మనింట్లో ఎవరైనా ‘వాళ్లమ్మాయికి సంబంధం కుదిరిందట’ అంటే ఆ ‘ట’ విని ‘ఎవరు చెప్పారు?’ అని వెంటనే అడుగుతాం. పేపర్లో ‘అని సమాచారం’ కూడా ఆ ‘ట’యే. కొన్నిసార్లు అది అవసరం. పేరు బయటికొస్తే ఉద్యోగం పోయే గుమస్తా నిజం చెప్పొచ్చు, అతన్ని కాపాడాలి. అందుకని తోక ఉన్నంత మాత్రాన కొట్టేయకండి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. వార్త మొత్తం తోకల మీదే నడుస్తూ, పేరు పెట్టి మాట్లాడిన మనిషి ఒక్కరూ లేకపోతే దాన్ని అరుగు మీద కబురుగానే ఉంచండి. ఎవరికీ పంపొద్దు.

ఇక మాయమైన కర్త. ‘లాఠీచార్జి జరిగింది’ అనడానికీ ‘పోలీసులు లాఠీచార్జి చేశారు’ అనడానికీ తేడా ఉంది. ‘ఇళ్లు నేలమట్టమయ్యాయి’ అంటే అవంతట అవే పడ్డాయా? మన నగర పాలక సంస్థ, అదే జీవీఎంసీ, సిబ్బంది జేసీబీతో కూల్చారా? ఎవరు చేశారో రాయని ప్రతి వాక్యం పక్కనా ‘ఎవరు?’ అని రాసుకోండి. అధికారం మారగానే అదే పేపర్లో కర్తలు మాయమవడం, అవతలి పేపర్లో కొత్తగా ప్రత్యక్షమవడం మీరే గమనిస్తారు.

గౌరవ వాచకాలూ అంతే. నాయకుడు జైలుకెళ్లినా ‘ఆయన’. అదే రోజు జిల్లా పేజీలో సెల్‌ఫోన్ దొంగతనం అనుమానంతో పట్టుకున్న కుర్రాడు ‘వాడు’, ‘నిందితుడు పారిపోయాడు’. నేరం ఇంకా రుజువు కాలేదు, ఇద్దరి మీదా కాలేదు. ఈ మొగ్గు పార్టీలది కాదు, అందుకే ఎవరూ దీని గురించి మాట్లాడరు.

మూల కాగితం దగ్గరకి వెళ్లండి

పెద్ద విషయమైతే పేపర్ల మధ్య పంచాయితీతో ఆగకండి. విశాఖ ఉక్కునే తీసుకుందాం. ఈ ఊళ్లో ఏ కుటుంబానికైనా దానితో ఏదో ఒక చుట్టరికం ఉంటుంది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న 1966 నాటి పోరాటంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం అందులో ప్రభుత్వ వాటా నూరు శాతం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరి 17న కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది.

ఆ ప్రకటన మీద ‘ఉక్కుకు ఊపిరి’ అని రాయొచ్చు. ‘ప్యాకేజీ మాటున మోసం’ అనీ రాయొచ్చు. రెండూ శీర్షికలే, రెండూ వార్త కావు. కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు విడుదల చేసే పీఐబీ వెబ్‌సైట్‌లో మంత్రివర్గ నిర్ణయాల ప్రకటనలు ఉంటాయి, వెతికి చదవండి. ఆ 11,440లో రూ.10,300 కోట్లు కొత్తగా ఈక్విటీ, అంటే వాటా పెట్టుబడి, రూపంలో పెట్టేవి. మిగతా రూ.1,140 కోట్లు అంతకుముందు ఇచ్చిన వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ ఖర్చుల) అప్పును వాటాలుగా మార్చడం, అంటే కొత్తగా చేతికొచ్చే డబ్బు కాదు. ఈ ముక్క తెలిస్తే సగం తగువు తీరిపోతుంది. ఇక రెండో ప్రశ్న: 2021 నాటి అమ్మకం నిర్ణయం రద్దయిందా? ప్యాకేజీ ఒక సంగతి, నిర్ణయం రద్దు ఇంకో సంగతి. ప్యాకేజీ వచ్చింది కాబట్టి అమ్మకం ఆగిపోయిందని ఎవరైనా రాస్తే, ఆ రెండో మాటకు కాగితం ఏదని అడగండి. ప్యాకేజీయే రాలేదన్నట్టు రాసినవాళ్లనూ అంతే గట్టిగా అడగండి.

వార్డు స్థాయిలో మూల కాగితం అంటే టెండరు, బిల్లు, కొలతల పుస్తకం. మా కల్వర్టు తగువు తీరింది అలాగే. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. ఎంత మంజూరైంది, ఎంత ఖర్చు పెట్టారు, ఎవరు కొలిచారు, ఈ మూడే అడిగాను. ‘మోక్షం’ పేపరు రాసినట్టు పని పూర్తి కాలేదు. ‘మేత’ పేపరు రాసిన మొత్తం అసలు విడుదలే కాలేదు. ఆ కాగితం జిరాక్సు అరుగు మీద పెట్టాను. ఇద్దరూ కళ్లజోళ్లు పెట్టుకుని చదివారు.

అంకెలు వచ్చినప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. 2025 అక్టోబరులో గూగుల్ మన ఊళ్లో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది. ఇలాంటి ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఉద్యోగాల సంఖ్య దగ్గర ‘ప్రత్యక్షంగా, పరోక్షంగా’ అన్న మాట కనబడుతుంది. ప్రత్యక్షంగా ఎన్ని, కట్టేటప్పుడు ఎన్ని, కట్టాక ఎన్ని అని విడగొట్టని వార్త సగం వార్తే. భూమి, కరెంటు, నీళ్లు ఏ ధరకు ఇస్తున్నారో రాయకపోతే ఇంకా తక్కువ.

రాని వార్త కోసం వెతకండి

అచ్చయినదాంట్లో మొగ్గు పెన్సిలుకు దొరుకుతుంది. అచ్చు కానిదాంట్లో మొగ్గు దొరకదు, అందుకే అది ఎక్కువ హాని చేస్తుంది.

రైల్వే జోన్ సంగతి చూడండి. దక్షిణ కోస్తా జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. దండలు, ఫొటోలు, పేజీలకు పేజీలు. తర్వాతి నెలలో వాల్తేరు డివిజన్‌ను రెండుగా చేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఒక ముక్క విశాఖపట్నం డివిజన్. రెండోది భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న ఈస్ట్ కోస్ట్ జోన్ కింద రాయగడ డివిజన్. అరకు మీదుగా వెళ్లే, ఇనుప ఖనిజం మోసే కొత్తవలస–కిరండూల్ లైను రాయగడకు వెళ్లింది. మీ పేపరు తిరగేసి ఈ రెండో సగానికి ఎన్ని సెంటీమీటర్లు ఇచ్చిందో స్కేలుతో కొలవండి. ఇస్తే ఏ పేజీలో ఇచ్చిందో రాసుకోండి. స్కేలు అని మాట వరసకు అనడం లేదు, నిజంగానే కొలవండి.

ఇంకొకటి. 2012లో జీవీఎంసీ పాలకవర్గం గడువు ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. తొమ్మిదేళ్లు ఈ మహానగరంలో ఒక్క కార్పొరేటర్ లేడు. హుద్‌హుద్ తుపాను వచ్చింది ఆ మధ్యనే, 2014 అక్టోబరు 12న. కరెంటు లేక, నీళ్లు లేక ఉన్న రోజుల్లో మా వీధివాళ్లకు వెళ్లి తలుపు తట్టడానికి ఎన్నికైన మనిషి లేడు. ఆ కాలంలో కాంగ్రెస్, టీడీపీ, వైసీపీ మూడు పార్టీల ప్రభుత్వాలూ నడిచాయి, అందుకే ఏ వైపు పేపరుకూ అది రోజూ రాయాల్సిన వార్త అనిపించలేదని నా నమ్మకం. అందరికీ ఇబ్బంది అయిన నిజం ఎవరి పేజీలోనూ బ్యానర్ కాదు.

దీనికి ఒక చిన్న నోటు పుస్తకం చాలు. మీ వార్డులో మీరు కళ్లారా చూస్తున్న ఐదు సంగతులు రాసుకోండి: మంచినీళ్లు వచ్చే టైము, చెత్త బండి, అర్బన్ హెల్త్ సెంటర్లో డాక్టరు, రోడ్డు పని, స్కూలు. నెల రోజుల్లో పేపర్లలో వాటి గురించి ఏం వచ్చిందో పక్కన రాయండి. ఖాళీలే మీకు సమాధానం.

ఆ ఖాళీలకు మీ ఏరియా విలేకరి ఒక్కణ్ణే తప్పు పట్టకండి. చాలామంది కంట్రిబ్యూటర్లకు జీతం ఉండదు, అచ్చయిన దానికి లైన్ల లెక్కన ‘లైన్ అకౌంట్’ వస్తుంది. పైగా పండగలకీ, నాయకుల పుట్టినరోజులకీ ప్రకటనలు తెమ్మని టార్గెట్. ఎవరి దగ్గర ప్రకటన అడగాలో అతని మీదే ఎలా రాస్తాడు? రాసేవాళ్లు ఉన్నారు. వాళ్లని గుర్తుపెట్టుకుని ఫోన్ చేసి బాగా రాశావు బాబూ అని చెప్పండి, అది వాళ్లకు మనం అనుకునేదానికంటే పెద్ద సంగతి.

ఛానెళ్లయితే మొత్తానికే మాయమవుతాయి. 2019లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 కేబుల్‌లో రావడం ఆగిపోయింది. 2024 జూన్‌లో మళ్లీ మారాక టీవీ9, ఎన్టీవీ, సాక్షి టీవీ చాలాచోట్ల ఆగిపోయాయి. రెండుసార్లూ పోయింది కొత్తగా ప్రతిపక్షంలోకి వచ్చినవాళ్లకు ఇష్టమైన గొంతులే అని జనం చెప్పుకున్నారు. మీకు నచ్చని ఛానెల్ మీ ఇంట్లో రాకుండా పోయిన రోజున కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి ఎందుకు రావడం లేదని అడగండి. నచ్చిన ఛానెల్ కోసం అందరూ అడుగుతారు.

వేడి మీద ఉన్న రోజు

2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. అదే రాత్రి మళ్లీ లీకైందన్న కబురు పాకి, జనం పిల్లల్ని ఎత్తుకుని అర్ధరాత్రి రోడ్ల మీదకి వచ్చేశారు. అలాంటి రోజున ఛానెళ్ల స్క్రోలింగుల వెంట పరుగెత్తకండి. ప్రాణం మీదకొచ్చే కబురైతే ముందు జాగ్రత్త పడండి, తర్వాత నిజం తేల్చుకోండి. కారణం, తప్పెవరిది అన్న తీర్పులు మాత్రం మొదటి 24 గంటల్లో నమ్మొద్దు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, చాలాసార్లు పాతదో వేరే దేశందో అవుతుంది. ఫ్యాక్ట్‌లీలాంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ రాస్తున్నాయి.

ఎన్నికల నెలలో

అప్పుడు మొగ్గు ఉచితంగా రాదు, కొనుక్కుంటారు. 2009 ఎన్నికల తర్వాత ఈ ‘పెయిడ్ న్యూస్’ మీద, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. అందులో ఒకరు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి. పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇస్తే కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టి కుదించినదాన్ని 2010లో విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే, 2011లో, పూర్తి నివేదిక బయటికొచ్చింది.

గుర్తుపట్టే పద్ధతి కష్టమేమీ కాదు. అదే ఫొటో, అదే శీర్షిక, అవే వాక్యాలు రెండు పోటీ పేపర్లలో ఒకే రోజు వస్తే అనుమానించండి. ఒకే పేజీలో ఒక మూల ఈ అభ్యర్థి గెలుపు ఖాయమని, ఇంకో మూల ఎదుటి అభ్యర్థి గెలుపు ఖాయమని ఉంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు. కటింగ్ తీసి జిల్లా ఎన్నికల అధికారి దగ్గర ఉండే మీడియా సర్టిఫికేషన్ అండ్ మానిటరింగ్ కమిటీకి పంపండి. రుజువైతే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో పడుతుంది. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు టీవీలో ఎన్నికల ప్రచారాంశాలు ప్రసారం చేయకూడదు, అది కనిపించినా ఫిర్యాదు చేయొచ్చు.

తప్పు దొరికాక రాయండి

ముందు ఎడిటర్‌కి. తిట్టొద్దు. మీ పేపరు అమ్ముడుపోయింది అని రాస్తే ఆ ఉత్తరం చెత్తబుట్టలోకే. తేదీ, పేజీ, శీర్షిక, తప్పున్న వాక్యం, మీ దగ్గరున్న ఆధారం, మీకు కావలసింది సవరణా, మీ వివరణ వేయడమా, అంతే. నేను రాసిన ఉత్తరం ఇలా ఉంది:

“అయ్యా, ఫలానా తేదీ జిల్లా ఎడిషన్ మూడో పేజీలో మా వీధి కల్వర్టు పని పూర్తయిందని రాశారు. జీవీఎంసీ నాకిచ్చిన సమాచారం ప్రకారం పక్క గోడ పని ఇంకా మిగిలి ఉంది. కాగితం నకలు జత చేస్తున్నాను. దయచేసి సవరణ ప్రచురించండి.”

రెండో పేపరుకీ అదే రోజు అలాంటిదే రాశాను. ఒకరు రెండు లైన్ల సవరణ వేశారు. ఇంకొకరు జవాబివ్వలేదు.

జవాబు రాకపోతే పేపరు మీద ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి వెళ్లొచ్చు. దినపత్రికైతే అచ్చయిన రెండు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, ఎడిటర్‌కి రాసిన ఉత్తరం నకలు జత చేయాలి. జరిమానా వేసే అధికారం కౌన్సిల్‌కి లేదు, మందలించగలదు, అభిశంసించగలదు. టీవీ ఛానెల్ అయితే ముందు ఆ ఛానెల్‌కే రాయాలి. 2021 నాటి నిబంధనల ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఛానెళ్లు తమకు తాము పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థల్లో ఆ ఛానెల్ దేంట్లో ఉందో దానికి వెళ్లాలి. ప్రసారం తేదీ, సమయం రాసిపెట్టుకోండి, వీలైతే యూట్యూబ్ లింకు దాచుకోండి, వాళ్లు వీడియో తీసేస్తే మీకు ఆధారం ఉండదు.

పేపరుకి పంపేది స్పీడ్ పోస్టులో పంపండి. ఆ రసీదు, వార్త కటింగ్, మీ ఉత్తరం నకలు మూడూ కలిపి పిన్ను చేసి నోటు పుస్తకంలో పెట్టుకోండి. రెండు నెలల గడువు మొదలయ్యేది మీరు ఉత్తరం రాసిన రోజు నుంచి కాదు, కటింగ్ మీదున్న తేదీ నుంచి.